ఋణాదానము: కుదువలేని యప్పుల చరిత్ర

మనుస్మృతికర్త రాజసభకు వచ్చు వివాదములను పదునెనిమిది పదములుగా విభజించి, వానిలో మొట్టమొదట నిల్పినది ఋణాదానము. సీమావివాదము, దాయవిభాగము, చౌర్యము, సాహసము, ద్యూతము మున్నగున వన్నియు దాని వెనుకనే వచ్చును. విద్యార్థిదశలో నీ పట్టికను వల్లించునపుడు దొంగకంటెను ముందుగా అప్పులవాని నేల నిల్పిరా యని వింతపడెడివాడను. ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయవృత్తి నెరపి, పిమ్మట పెద్దమనుష్యులతోపాటు కొన్ని తగవులలో గూర్చుండిన మీదట ఆ వరుస యుక్తమైనదే యని తోచుచున్నది. దొంగ మన యింట బడుట యెన్నడో యొకనాడు. అప్పులవాడు తలుపు తట్టుట నెలనెలయు గలదు.

మన సంఘ వార్షికసంచికలలో సాధారణముగా పూర్వుల దానశాసనములను గూర్చియు, విద్యార్థి వసతిగృహముల స్థాపనను గూర్చియు వ్యాసములు వచ్చుచుండును. అవి రాదగినవే. కాని దాతల పేళ్లు చెక్కిన పలకలు గల యీ సంఘమునందే, ఎవ్వరికిని జెప్పుకొనలేని యప్పులతో సభకు వచ్చి, వెనుక బల్లపై గూర్చుండి, భోజనానంతరము మాటాడక లేచిపోవు సోదరులు గలరని యెఱిగినవార మెల్లరము. వారి విషయమును జరిత్రరూపమున జెప్పెదనని కోరగా కార్యదర్శిగారు అంగీకరించిరి. అందులకు గృతజ్ఞుడను.

అప్పు రెండు విధములు. పొలమో, యిల్లో, బంగారమో చూపి తెచ్చునది కుదువతోడి యప్పు. దీనినే శాస్త్రకారులు ఆధి యనిరి. ఏమియు జూపక మాటమీదనో, ప్రామిసరీ నోటుమీదనో తెచ్చునది కుదువలేని యప్పు. చేబదులు మొదలుకొని నేటి క్రెడిట్ కార్డు వఱకు నీ రెండవ తెగలోనివే. కుదువ యున్నచో ఋణదాత ఆ వస్తువుపై బడును. కుదువ లేనిచో మనిషిపై బడును. వాని పరువు, వాని జీతము, వాని బంధువులు, వాని దేహము, ఇవియే కుదువ. ఈ వ్యాసమంతయు నీ రెండవ తెగను గూర్చియే.

వ్యాకరణము చదివినవాడను గావున నొక మాట చెప్పి ముందునకు బోయెదను. పాణిని అప్పిచ్చువానిని ఉత్తమర్ణుడనెను, తీసికొన్నవాడు అధమర్ణుడు. అప్పుపడియుండుటను జెప్పు ధాతువు ప్రయోగమున ఉత్తమర్ణునకు సంప్రదానసంజ్ఞను విధించెను, అనగా దానము పుచ్చుకొనువానికి జెప్పు చతుర్థీవిభక్తినే యితనికిని జెప్పెను. తీర్చువాడు దాతవలె నిలువవలెనని కాబోలు! అట్లని పాణిని వడ్డీవ్యాపారిని మెచ్చినవాడు కాడు. పది యిచ్చి పదునొకటి రాబట్టువానికి ‘దశైకాదశికుడు’ అను శబ్దమును సాధించుచు, నింద్యమైన రీతిని ఇచ్చువాడను నర్థమునందే దానిని నిల్పెను.

యాజ్ఞవల్క్యుడు వడ్డీని రెండు విధములుగా నిర్ణయించెను. కుదువ యున్న యప్పునకు నెలకు అసలులో నెనుబదవ భాగము, అనగా నూటికి ఒకటింబాతిక, సంవత్సరమునకు 15. కుదువలేనిదానికి మాత్రము వర్ణక్రమమున నెలకు నూటికి రెండు, మూడు, నాలుగు, ఐదు. బ్రాహ్మణునకు రెండు, శూద్రునకు ఐదు. సంవత్సరపు లెక్కకు నిది 24 మొదలుకొని 60 వఱకు బోవును. నేటికిని మన పల్లెలలో ‘రెండు రూపాయల వడ్డీ’ యన్న నా 24 ఏ. అంకె యంతకాలము నిలిచియుండుట ఆశ్చర్యకరము. కాని తక్కువ యున్నవానికే యెక్కువ వడ్డీ యను నీ విధిని, స్మృతిలో నున్నది గదా యని సమర్థింప నాకు మనసొప్పదు. అప్పు తీర్చుటలోను నిట్టి భేదమే కలదు. తీర్పలేనివాడు సమానుడో తక్కువవాడో యయినచో పనిచేసి తీర్పవలెననియు, శ్రేష్ఠుడైనచో మెల్లమెల్లగా నిచ్చుకొనవచ్చుననియు మనువు చెప్పెను. వాయిదాలు ఒకనికి, వెట్టి యొకనికి. మన పెద్దల గ్రంథములను మనము గౌరవింతుము. గౌరవించుచునే యీ రెండు విధులవలన నెవరి వీపు వంగినదో మఱువకుందము. యాజ్ఞవల్క్యుడే వెనువెంటనే, ఏ జాతివారైనను దామొప్పుకొన్న వడ్డీ నీయవచ్చునని సడలింపు నిచ్చెనని కూడ న్యాయముకొఱకు జెప్పవలెను.

కౌటిల్యుని యర్థశాస్త్రము ఈ విషయమున నెక్కువ లోకజ్ఞత గలది. నూటికి ఒకటింబాతిక ధర్మ్యమైన వడ్డీ యనియు, వర్తకమునకు ఐదనియు, అడవుల మార్గమున బోవువారికి పది, సముద్రముపై బోవువారికి ఇరువది యనియు నాతడు చెప్పెను. అపాయమునుబట్టి వడ్డీ, వర్ణమునుబట్టి కాదు. అంతకంటెను నాకు నచ్చినది వేఱొకటి కలదు. దీర్ఘసత్రమునందున్నవానికి, వ్యాధిగ్రస్తునకు, గురుకులమునందు నిలిచిపోయినవానికి, బాలునకు, నిస్సారుడైన దరిద్రునకు ఋణము పెరుగరాదని యాతడు విధించెను. రోగియై మంచముపై నున్నవాని యప్పు పెరుగకుండుట! నేటి యప్పులలో సగము ఆసుపత్రి గుమ్మమున బుట్టుచున్నవి. వానికి వడ్డీ యే దినమునను ఆగుటలేదు. పనుల కాలమున సేద్యగాండ్రను ఋణముకొఱకు బట్టరాదనియు, భర్త చేసిన యప్పునకు తానొప్పుకొనని భార్యను బట్టరాదనియు గూడ నాతడు వ్రాసెను.

ఈ ధర్మములు సంస్కృతమునందే నిలిచిపోలేదు. కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్య రచించెను. పదుమూడవ శతాబ్దియందు మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర దెలుగు పద్యములలో జెప్పెను. తిక్కనసోమయాజికి దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతనయే యీతడు. తెలుగువాడు తన యప్పుల న్యాయమును తన భాషలో వినగలిగినది నాటినుండియే.

స్మృతులలో వడ్డీకి నొక గట్టు కట్టబడినది. ఒక్కసారిగా రాబట్టు ధనపు వడ్డీ అసలును మించరాదు. నూరు తెచ్చినవాడు, ఎన్నియేండ్లు గడచినను, రెండువందలకు మించి యీయనక్కఱలేదు. దీనినే మహారాష్ట్రులు ‘దామ్‌దుపట్’ అనిరి. ఇది ఈ వ్యాసమున మరల రెండుమారులు వచ్చును గావున పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరెదను.

ఇక బంధువుల మాట. అప్పులవానికి బంధువు లెంతవఱకు నిల్తురను ప్రశ్న నేటిది కాదు. ఋగ్వేదము పదియవ మండలమునందలి ద్యూతకారసూక్తమున అప్పుపడిన జూదరి ధనము నాసించి భయముతో రాత్రివేళ నన్యుల యిండ్లకు బోవుటయు, తల్లియు తండ్రియు అన్నదమ్ములును ‘ఇతని నెఱుగము, కట్టి తీసికొనిపొం’ డను నర్థమున బలుకుటయు వర్ణింపబడినవి. మూడువేల యేండ్లనాటి మాట. ఇంటివారు తలుపు మూసికొనుట యంత ప్రాచీనము.

శూద్రకుని మృచ్ఛకటికమున రెండవ యంకము నీ విషయమున జదువదగినది. సంవాహకుడు, అనగా నొడలు పిసుకువాడు, ఒకప్పుడు చారుదత్తుని సేవకుడు. జూదమున పది సువర్ణము లప్పుపడి పాఱిపోయి, పాడుబడిన గుడిలో విగ్రహమువలె నిలిచి దాగుకొనును. పట్టుబడిన పిదప ద్యూతకరుని సగము వదలుకొమ్మని వేడును, సభికుడైన మాథురుని మిగిలిన సగము వదలుకొమ్మని వేడును. ఇరువురు నొప్పుకొనగానే ‘ఇక నంతయు దీరినది’ యని నడచిపోజూచును. మేము తరగతిలో నవ్వుకొనిన ఘట్టమిది. కాని మరుక్షణముననే మాథురుడు వానిని దన్ను దానే యమ్ముకొని తీర్పుమనును. వాడు రాజమార్గమున నిలుచుండి, పది సువర్ణములకు నన్ను గొనుడని పోవువారి నడుగును. ఒక్కడును నిలువడు. కడకు వసంతసేన యిల్లు సొచ్చి తన కథ నంతయు దాపరికము లేక చెప్పుకొనగా, నామె తన కంకణమును బంపి వాని యప్పు దీర్చును. ఆమె వానికి బంధువు కాదు. వాడొకప్పుడు చారుదత్తుని గొలిచినవాడని వినుటయే చాలినది. ఆ సంవాహకుడే భిక్షువై యెనిమిదవ యంకమున నామె ప్రాణమును నిలుపును.

మనవాడైన శ్రీనాథుని కథ యంత సుఖాంతము కాదు. కొండవీటి యాస్థానమున విద్యాధికారియై, కనకాభిషేకము పొందిన మహాకవి, రెడ్డిరాజ్యము గతించిన పిదప కృష్ణాతీరమున బొడ్డుపల్లె గ్రామమును గుత్తకు దీసికొనెనని ప్రతీతి. వరదవచ్చి పంట కొట్టుకొనిపోయెను. మిగిలిన నువ్వులును పెసలును పక్షులపాలయ్యెను. ఏడువందల టంకములు చెల్లింపవలసియుండగా, కోటవాకిట బండరాతిని భుజమున మోయించిరని చాటువులు చెప్పుచున్నవి. తనకు దినవెచ్చ మిచ్చిన ప్రభువు లొక్కొక్కరే పరలోకగతులైరి, ఇక నెవరి నడుగుదునని యాతడు లెక్కించుకొనిన చాటువు తెలుగుదేశమున వినని పండితుడు లేడు. ఈ పద్యములన్నియు నాతనివేయని గట్టిగా జెప్పుటకు వీలులేదు. కాని తెలుగువారు వీనిని తరతరములు కంఠస్థము చేసిరన్నచో, గుత్తధనము గట్టలేక నిలబడినవాని యవమానము వారికి దెలిసినదగుటచేతనే. ఆతడు జూదరి కాడు, సోమరి కాడు. ఏఱు పొంగినది, అడుగదగినవారు గతించిరి, అంతియే.

బంధువు ధనమీయలేనిచో పూచీ యీయగలడు. ప్రతిభువు, అనగా పూచీదారు, మూడు విధములని యాజ్ఞవల్క్యుడు చెప్పెను: మనిషిని జూపుదునను పూచీ, ఇతడు నమ్మదగినవాడను పూచీ, ఇతడీయనిచో నేనిత్తునను పూచీ. మొదటి రెండు పూచీలు తప్పినచో నా పూచీదారు మాత్రమే యీయవలెను. మూడవదానికి వాని కుమారులు సైతము బాధ్యులు. సభలో బహిరంగముగా బూచీదారుచేత గట్టించినచో, అప్పుపడినవాడు వానికి రెట్టింపు మరల నీయవలెనను విధియు గలదు. అవిభక్తకుటుంబమున అన్నదమ్ములకును, ఆలుమగలకును, తండ్రికొడుకులకును పరస్పరము పూచీ చెల్లదు. ఎంత చక్కని విధి! ఒకే వంటయింటివారు ఒకరికొకరు పూచీపడుట యనగా నొకే కుండకు రెండుమారులు వెలకట్టుట.

1872 నాటి కాంట్రాక్టు చట్టమున పూచీదారుని బాధ్యత అప్పుపడినవాని బాధ్యతతో సమానమయ్యెను. ముందు వానినడిగి తరువాత వీని నడుగవలెనను నియమము లేదు. ఉపాధ్యాయులలో నిది నేను గన్నులార జూచినది. ఒకరి యప్పునకు మఱొకరు, ఆ మఱొకరి యప్పునకు వేఱొకరు సంతకములు చేయుదురు. ఒక్కడు కట్టుట మానినచో పాఠశాల పాఠశాలకే జీతములు తెగును. జప్తునకు హద్దు గలదని యెఱిగినవారు తక్కువ. దివానీ డిక్రీక్రింద జీతములో మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు పాళ్లును ముట్టరాదు. ఒక డిక్రీక్రింద నిరువదినాలుగు నెలలకు మించి పట్టుకొనరాదు. భోజనపాత్రలు, కట్టుబట్టలు, పనిముట్లు, సేద్యగాని యెద్దులు, స్త్రీ మతాచారముచే దీయరాని యాభరణము, అనగా మంగళసూత్రము, వీనిని జప్తు చేయరాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడునందు స్త్రీని ధనముయొక్క డిక్రీకొఱకు నిర్బంధింపరాదని కలదు. తీర్పగలిగియు మోసముచే దీర్పనివానిని దప్ప కారాగృహమునకు బంపరాదని 1936లో సవరణ వచ్చెను. 1980లో సుప్రీముకోర్టు దానిని మరల దృఢపఱచెను. ఈ సంగతు లెఱుగక ‘జైలునకు బంపెదము’ అను నొక్క టెలిఫోను మాటకు గుండె లాగినవారు గలరు.

తండ్రి యప్పు కొడుకు దీర్చుట మన ధర్మశాస్త్రమున పుణ్యబంధము. అయినను మద్యము, కామము, ద్యూతములవలన జేసిన యప్పు కొడుకు తీర్పనక్కఱలేదని స్మృతులే మినహాయించినవి. ఇంగ్లీషు న్యాయస్థానములు నీ రెండింటిని నూఱేండ్లకు పైగా నమలుజరిపినవి. 2005 నాటి హిందూవారసత్వ సవరణచట్టముచే, పుణ్యబంధమను హేతువుమాత్రమున కొడుకుపైని మనుమనిపైని దావాకు న్యాయస్థానము లొప్పరాదని యయ్యెను. తండ్రి విడిచిన యాస్తినుండి తీర్చుట వేఱు సంగతి. ఆ బాధ్యత యున్నది.

ఇప్పుడు కుంఫిణీవారి కాలమునకు వత్తము. 1855లో ఇరువదియెనిమిదవ చట్టముచే వడ్డీపై నున్న నిర్బంధము లన్నియు దీసివేయబడినవి. 1859 నాటి కాలపరిమితి చట్టముచే నోట్లకు మూడేండ్లు గడువయ్యెను. ఇది అప్పులవానికి మేలని తలంచిరి, ఫలము వ్యతిరేకమయ్యెను. మూడేండ్లు నిండకముందే ఋణదాత వచ్చి వడ్డీని అసలులో గలిపి క్రొత్తనోటు వ్రాయించుకొనసాగెను. అప్పు తీర్పలేనివాడు పత్రము మార్చుకొనగోరినచో నప్పటి వఱకైన వడ్డీ నిచ్చి మార్చుకొనవలెనని మనువు చెప్పెను. ఇచ్చట వడ్డీయే బిడ్డయై వడ్డీని గనినది. స్మృతుల రెట్టింపు గట్టు బొంబాయి రాజధానియందును కలకత్తా నగరమందును న్యాయస్థానములచే నిలుపబడినను, చెన్నరాజధానియందు నిలువలేదు. ఆంధ్రజిల్లాల రైతునకు మనువు మాట యుపయోగింపలేదు.

ఈ గట్టు తెగుట యెచటికి దారితీసినదో దక్కను చూపినది. అమెరికా అంతర్యుద్ధకాలమున ప్రత్తిధర పెరిగి, 1865 తరువాత గూలెను. అప్పులలో మునిగిన రైతులు 1875 మేనెలలో పూనాజిల్లా సూపాగ్రామమున వడ్డీవ్యాపారుల యిండ్లపై బడిరి. వారు ముఖ్యముగా గోరినది ధనము గాదు, పత్రములు. వానిని వీథులలో దగులబెట్టిరి. దాని ఫలముగా 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయచట్టము వచ్చెను. రైతును ఋణముకొఱకు నిర్బంధించుట యచ్చట నాగిపోయెను.

చెన్నరాజధాని ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ దొరను విచారణకు నియమించెను. 1895లోను, 1897లోను వెలువడిన యాతని నివేదిక రాజధాని గ్రామీణ ఋణమును సుమారు 45 కోట్ల రూపాయలని లెక్కగట్టెను. 1930లో బ్యాంకింగు విచారణసంఘము లెక్క 150 కోట్లకు బోయెను. నికల్సన్ సూచించిన మందు జర్మనీనుండి వచ్చినది. అచ్చట రైఫైజన్ అను గ్రామాధికారి, కుదువలేని పేదలు పదిమంది కలిసి యొకరికొకరు బాధ్యులై యప్పు తెచ్చుకొను సంఘములను స్థాపించియుండెను. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమున గ్రామసంఘములకు నట్టి అపరిమిత బాధ్యతయే విధింపబడినది. ఒకడు తప్పినచో నందఱిపై బడును; కావున నొకని నొకడు కనిపెట్టియుండును. కుదువ లేనివానికి ఇరుగుపొరుగువారి కన్నే కుదువ యయ్యెను. మన సంఘము వంటి సంఘములు చేసిన చిట్టీలు, నిధులు నీ తలంపులోనివే.

1920లో ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము వచ్చెను. కృష్ణా, గుంటూరు మండలములలో ‘ఐ.పి. పెట్టినాడు’ అను మాట తిట్టువలె వాడబడుచున్నది. తిట్టునకు గారణము లేకపోలేదు. ఆస్తిని భార్యపేర, బావమఱది పేర వ్రాసి మఱునాడు ఐ.పి. పెట్టినవారు గలరు. కాని చట్టము దానిని జూచియే యున్నది. దివాలాకు ముందు రెండేండ్లలోపల ఉచితముగా జేసిన బదిలీలను, మూడు నెలలలోపల నొక ఋణదాతకు జూపిన పక్షపాతమును రద్దుచేయింపవచ్చును. ఆ చట్టములోని మంచి భాగము నెవరును దలపరు. ఐదువందలకు మించిన యప్పుగలవాడు తానే కోర్టునకు బోవచ్చును. నిర్బంధమునుండి రక్షణ గోరవచ్చును. ఋణదాతలలో సంఖ్యకు సగముకన్న నెక్కువమందియు, విలువకు మూడుపాతికలవారును ఒప్పుకొన్నచో, రూపాయికి ఇన్ని యణాలని రాజీ చేసికొనవచ్చును. సంవాహకుడు వీథిలో దంత్రముగా సాధింపజూచిన దానినే యిది న్యాయముగా సాధించును. 2016 నాటి క్రొత్త దివాలాస్మృతిలో వ్యక్తులకును ఒక భాగము గలదు. కాని 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల యప్పులకు హామీ నిల్చినవారికి మాత్రమే యది యమలులోనికి దేబడినది. సామాన్యునకు 1920 నాటి చట్టమే దిక్కు.

1929 తరువాత ధాన్యపుధర పడిపోయెను. శిస్తు తగ్గలేదు, వడ్డీ తగ్గలేదు. 1935లో సత్యనాథన్ నివేదిక, 1936లో ఋణరాజీ చట్టము, తుదకు 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము తెచ్చిన వ్యవసాయదారుల సహాయచట్టము. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన యప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దు. అసలునకు రెట్టింపు కట్టియున్నచో అప్పే రద్దు. చూచితిరా! చెన్నరాజధానిలో న్యాయస్థానములు విడిచిన స్మృతివాక్యము శాసనసభద్వారమున దిరిగివచ్చెను. ఋణదాతలు గగ్గోలుపెట్టిరి, నోటుమీద నప్పుబుట్టుట కష్టమయ్యెను. మాటమీద నిచ్చుటకు వెనుదీసి భూమిని జూపుమనిరి. యుద్ధకాలమున ధాన్యపుధర పెరుగగా బెద్ద కమతములవారి యప్పులు తీఱెను. 1945లో నారాయణస్వామినాయుడుగారు జరిపిన విచారణలో కూలీల యప్పులు పెరిగినట్లు తేలెను. చట్టమునకు భూమిగలవాడే కంటబడినాడు.

నైజాము రాజ్యమున తీరు వేఱు. అచ్చట నాగు కలదు. పుట్టెడు గింజలు తెచ్చినవాడు పంటనాటికి పుట్టెడునర కొలువవలెను. అది తీరనిచో మనిషియే దొరయింట భాగేలాగా నిలువవలసివచ్చెడిది. తండ్రి నిలిచినచోట కొడుకు నిలిచెడివాడు. 1936లో భాగేలా యొడంబడికల నియమావళి వచ్చినను, దేశమంతట వెట్టిచాకిరి చట్టముచే రద్దగుట 1976లోనే. మనువు ‘పనిచేసి తీర్పవలె’ ననిన మాట యింత దూరము నడచినది.

ఇటీవలి కాలమునకు వత్తము. సూక్ష్మఋణసంస్థలు స్త్రీలకు కుదువలేని యప్పు లిచ్చి, గుంపులోని యందఱిని నొకరికొకరిని బాధ్యులను జేసినవి. పైకి రైఫైజన్ పద్ధతియే. కాని రైఫైజన్ సంఘమున ఋణదాతలును ఋణగ్రహీతలును నొకే గ్రామమువారు, లాభము వారిదే. ఇచ్చట పూచీ పేదరాండ్రది, లాభము వాటాదారులది. ఒకే యిల్లాలు నాలుగు సంస్థలలో నప్పుచేసి, ఒకదానితో నింకొకటి తీర్చుచు, వారమువారము తోటిస్త్రీలే యామె గుమ్మమున గూర్చుండు దుస్థితి వచ్చెను. పూర్వము ఋణదాత యప్పులవాని వాకిట నుపవాసముండి ధరణా చేసెడివాడు. 1860 నాటి శిక్షాస్మృతి దానిని నేరముగా నెన్నెను. ఈ ధరణాను మాత్రము పొరుగింటి యక్కచెల్లెండ్రచేత జేయించిరి. ఆత్మహత్యలు జరిగినమీదట 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, 2011లో జట్టము చేసెను. ఇంటికడ వసూలు కూడదనిరి. అసలును మించి వడ్డీ రాబట్టరాదనిరి. మనువు గట్టు మూడవమారు!

2020 చివర సెల్‌ఫోను యాప్‌ల యప్పులు హైదరాబాదున ప్రాణములు దీసినవి; పోలీసులు పలువురిని నిర్బంధించిరి. ఇందు క్రొత్తది వడ్డీ కాదు. ఫోనులోని బంధుమిత్రుల సంఖ్యలను దొంగిలించి వారందఱికిని అప్పులవాని పరువు తీయు సందేశములు పంపుట క్రొత్తది. 2022 ఆగస్టులో రిజర్వుబ్యాంకు, ఉదయ మెనిమిదికి ముందును సాయంత్ర మేడింటి తరువాతను వసూలునకై పిలువరాదని సంస్థల నాజ్ఞాపించెను. ఆ సెప్టెంబరులో యాప్‌ల యప్పులకు నియమము లేర్పఱచెను. పూర్వము అప్పు సాక్షులయెదుట బుట్టెడిది. బంధువులకు మొదటనే తెలిసెడిది. నేడది గదిలో నొంటరిగా బుట్టి, బజారునందు జచ్చుచున్నది.

నాతో పనిచేసిన యొక యుపాధ్యాయుని సంగతి, పేరు చెప్పక, వ్రాయుచున్నాను. కుమార్తె వివాహము, భార్య శస్త్రచికిత్స, ఒక చిట్టి మునుగుట, అప్పులు కూడినవి. ఆతని బావమఱదియు నేనును గూర్చుండి లెక్క వ్రాయ మొదలిడితిమి. మొదట నాలుగప్పులు చెప్పెను. రాత్రి పదిగంటలకు బావమఱది తలయెత్తి, “బావగారూ, బీరువా తాళము మా చెల్లెలి యొద్ద నున్నది, తెమ్మందునా?” అనెను. అప్పుడు పదునొకటి తేలినవి. పదునొకటిలో మూడింటికి అప్పటికే అసలునకు రెట్టింపు ముట్టియుండెను; రెండు కాలదోషము పట్టినవి, ఆ రెండింటి వెనుకను క్రొత్తగా చెల్లు వ్రాయుమని ఋణదాతలు తొందరపెట్టుచుండిరి. బావమఱది ధనమీయలేదు, ఇచ్చియున్నచో నది మొదట గట్టిగా నఱచినవాని చేతికి బోయియుండెడిది. ఋణదాతలను వరుసగా బిలిపించి, నెలకింత యని పంచి, లోక్ అదాలతులో నాలుగింటిని రాజీ చేయించితిమి. అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు, కట్టిన కోర్టుఫీజు తిరిగివచ్చును. ఆఱేండ్లు పట్టినది. కుమార్తెకు మాత్రము నేటికిని దెలియదు.

ఈ చరిత్రను జదివిన పోషకమహాశయులకు నా విన్నప మొకటి గలదు. సంఘ మూలధనమునుండి ఋణము లిప్పింపవలెనని నేను గోరుట లేదు. అట్టి నిధులు బంధుప్రీతిచే గరగిపోవుట మన మెఱుగనిది కాదు. మువ్వురు పెద్దలను, అందొకరు న్యాయవాదిగాను, ఒకరు స్త్రీగాను, నియమించి, నెల కొక్క ఆదివారము వసతిగృహపు వెనుకగదిలో గూర్చుండబెట్టవలెను. వారు ధన మీయరాదు, పూచీ సంతకము చేయరాదు, విన్నది బయట బెట్టరాదు. లెక్క వ్రాయుట, నోట్ల తేదీలు చూచుట, ఋణదాతతో మాటాడుట, అవసరమైనచో ఐ.పి. దరఖాస్తు వ్రాయించుట, ఇంతియే వారి పని. దీనిని రెండవదినపు విషయనిర్ణయసభలో బ్రవేశపెట్టుటకు కార్యదర్శిగారికి వ్రాతమూలకముగా దెలిపియున్నాను. బలపఱుపగోరువారు మధ్యాహ్నభోజనమునకు ముందే తమ పేళ్లను వారికి నీయ బ్రార్థన.